కాగితం ముందు, ఫైలు తర్వాత: నాన్నగారి కథలు అచ్చుకు వెళ్లేలోగా

మీ నాన్నగారి 21 కథలను 500 ప్రతులుగా వేయించాలనుకుంటున్నామని, కథలన్నీ వర్డ్‌లో ఏ4 పేజీల మీద టైపు చేసి ఉన్నాయని, కవర్‌ను మీ అబ్బాయి కాన్వా డిజైన్ వెబ్‌సైటులో లేతరంగుల్లో తయారు చేశాడని, పాత కుటుంబ ఫొటోలు 12 కూడా చేర్చాలని రాశారు. ఒక ప్రెస్సు వారు 70 జీఎస్‌ఎం మాప్లిథో (పూత లేని మామూలు కాగితం) చాలన్నారు, మరొకరు 100 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ వేస్తే పుస్తకం ఘనంగా ఉంటుందన్నారు. ఈ రెండింటిలో ఏది మేలో, ఫైళ్లు ఎలా సిద్ధం చేసి ఇవ్వాలో మీ సందేహం. విజయవాడలో పేజీలు పెట్టే బల్ల దగ్గర కొన్నేళ్లు, ఆఫ్‌సెట్ మిషన్ పక్కన కొన్నేళ్లు, మొత్తం ముప్పై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నవాడిగా సూటిగా చెబుతాను. కథల పుస్తకానికి ఆర్ట్ పేపర్ వద్దు. 70 గానీ 80 గానీ జీఎస్‌ఎం మాప్లిథో, నేచురల్ షేడ్‌లో తీసుకోండి. ఏ కాగితమో, ఏ సైజో తేలేవరకు పేజీ సెట్టింగు మొదలుపెట్టకండి. నా దగ్గరకు వచ్చిన సొంత ప్రచురణల్లో సగానికి సగం ఇక్కడే దెబ్బతిన్నాయి. ఫైలంతా పూర్తిచేసి, ఆ తర్వాత దానికి సరిపోయే కాగితం వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆర్ట్ పేపర్ ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్పాలి. జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క మాత్రమే, దానికి మందంతో నేరుగా సంబంధం లేదు. ఆర్ట్ పేపర్ మీద సుద్ద వంటి ఖనిజాల పూత పూసి, నున్నగా నొక్కుతారు. అందుకే దాని బరువు ఎక్కువ, మందం తక్కువ. 100 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్‌నూ 70 జీఎస్‌ఎం మాప్లిథోనూ వేళ్ల మధ్య పెట్టి చూడండి. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఆర్ట్ పేపరే తరచు కాస్త పలుచగా తగులుతుంది. బరువు చూస్తే, 160 పేజీల 1/8 డెమీ (5.5×8.5 అంగుళాల) పుస్తకంలో లోపలి కాగితం 70 మాప్లిథోలో సుమారు 170 గ్రాములు, 100 ఆర్ట్‌లో 240 గ్రాములు తూగుతుంది. పోస్టులో పంపేటప్పుడు ఆ తేడా ప్రతి ప్రతికీ మీ జేబుకు తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ట్యూబ్‌లైటు కింద ఆర్ట్ పేపర్ మెరుస్తుంది. మీ నాన్నగారి వయసు స్నేహితులు ఆ మెరుపులో పుస్తకాన్ని అటూ ఇటూ వంచుకుంటూ చదవాల్సి వస్తుంది. దాని గొప్పతనమంతా రంగుల బొమ్మల్లో ఉంది. వచనానికి దానితో పని లేదు.

మాప్లిథోలో కూడా తెల్లటి తెలుపు కోరుకోకండి. మరీ తెల్లగా కనిపించడానికి మిల్లులో వెలుగును పెంచే రసాయనాలు కలుపుతారు. షాపులో చూసినప్పుడు అది ఆకట్టుకుంటుంది గానీ, పది పేజీలు చదివేసరికి కళ్లు అలసిపోతాయి. కొద్దిగా మీగడ ఛాయ ఉండే నేచురల్ షేడ్ మీద నల్లటి అక్షరం హాయిగా నిలుస్తుంది. పుస్తకం లావుగా కనిపించాలన్న ముచ్చట ఉంటే బల్క్ పేపర్ అని దొరుకుతుంది. అదే బరువుకు మందం ఎక్కువ, చేతికి తేలిక. 60 జీఎస్‌ఎంకు దిగితే మాత్రం వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తాయి. అచ్చయిన ఒక షీటు మీద మీరు అనుకుంటున్న ఖాళీ కాగితం పరిచి, కింది అక్షరాలు ఎంత తేటగా చదవగలుగుతున్నారో చూస్తే ఆ కాగితం వెనక ఉన్నదాన్ని ఎంత దాచగలదో మీకే తెలుస్తుంది.

కొటేషన్‌లో ‘మంచి మాప్లిథో’ అని రాసి ఇస్తే ఒప్పుకోకండి. మిల్లు పేరు, జీఎస్‌ఎం, షేడ్, షీటు సైజు నాలుగూ రాయించుకోండి. రాజమహేంద్రవరం ఆంధ్రా పేపర్ మిల్లు కాగితం, కాగజ్‌నగర్‌లో 2014లో ఆగిపోయి 2018లో జేకే పేపర్ చేతుల్లోకి వెళ్లి మళ్లీ మొదలైన సిర్పూర్ మిల్లు కాగితం, తమిళనాడులో చెరకు పిప్పి కలిపి చేసే టీఎన్‌పీఎల్ కాగితం పక్కపక్కన పరిస్తే, దేని ఛాయ దానిదే. ఒకటి మంచిది, ఒకటి చెడ్డదని కాదు. సగం ఫారాలు (16 పేజీల మడతలు) ఒక మిల్లు కాగితం మీద, సగం మరో మిల్లు కాగితం మీద పడితే, మూసిన పుస్తకం అంచు చారలు చారలుగా కనిపిస్తుంది. పాత ప్రెస్సుల వారు ‘18.6 కేజీల మాప్లిథో’ అంటే కంగారు పడకండి. 58.5×91 సెంటీమీటర్ల డబుల్ డెమీ షీట్లు 500, అంటే ఒక రీము, 70 జీఎస్‌ఎం అయితే అంత బరువు తూగుతుంది. ఆ లెక్కన 80 జీఎస్‌ఎం రీము 21.3 కేజీలు. బిల్లులో రాసిన బరువును బట్టి అసలు ఏ కాగితం వచ్చిందో తేల్చుకోవడానికి ఈ చిన్న గుణకారం నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది.

ఇక సైజు. తెలుగు కథల పుస్తకాలు ఎక్కువగా వచ్చేది 1/8 డెమీలో, అంటే కటింగ్ అయ్యాక 5.5×8.5 అంగుళాలు. 23×36 అంగుళాల డబుల్ డెమీ షీటు ఈ సైజుకు వృథా లేకుండా తెగుతుంది, ఒక్కో షీటులో 32 పేజీలు వస్తాయి. అందులో సగం షీటు, 16 పేజీలది, ఒక ఫారం. 160 పేజీల పుస్తకం అంటే సరిగ్గా 10 ఫారాలు. ఒక ప్రతికి 5 షీట్లు, 500 ప్రతులకు 2500 షీట్లు, అంటే 5 రీములు. మిషన్ సెట్టింగులో పోయేదానికి మరో అర రీము అనుకోండి. మీ కథలు 163 పేజీలకు వచ్చి ఆగితే మాత్రం, ఆ మూడు పేజీల కోసం ఇంకో ప్లేటు, ఇంకో మిషన్ సెట్టింగు, ఇంకో మడత ఖర్చు మీద పడతాయి. కథల మధ్య ఖాళీలు సర్దో, ముందుమాట కొద్దిగా బిగించో 160కి తెచ్చుకోవడం తెలివైన పని. అది కుదరకపోతే నిశ్చింతగా 168కి వెళ్లి, మిగిలిన పేజీల్లో మీ నాన్నగారి చేతిరాత ఒకటి వేయండి. ఏ4లో ఎన్ని పేజీలు వచ్చాయన్న లెక్కను పూర్తిగా మరిచిపోండి. అది ఇక్కడ దేనికీ పనికిరాదు.

కాగితం గురించి ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది, గ్రెయిన్ ఎటు అని. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నార ఎక్కువగా మిషన్ నడిచే దిశలోనే పరుచుకుంటుంది. తేమ తగిలితే ఆ నార పొడవు అంతగా మారదు గానీ, అడ్డంగా ఉబ్బుతుంది. అందుకే గ్రెయిన్ పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పేజీలు బిరుసుగా లేస్తాయి, వెన్ను దగ్గర జిగురు పట్టిన చోట కాగితం అలలు అలలుగా ముడతపడుతుంది. తెలుసుకోవడం సులువు. కాగితం ముక్కను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చింపండి. ఒక దిశలో దారం లాగినట్టు దాదాపు తిన్నగా చిరుగుతుంది, రెండో దిశలో వంకరలు పోతుంది. తిన్నగా చిరిగినదే గ్రెయిన్. డబుల్ డెమీ షీటులో 1/8 డెమీ వేసేటప్పుడు అది 36 అంగుళాల వైపు ఉండాలి.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఒక కవితా సంపుటికి షీట్లను అడ్డం తిప్పి కోస్తే కొంత కాగితం మిగులుతుందని లెక్కవేసి, కవిగారి డబ్బు ఆదా చేశానని సంబరపడ్డాను. తీరా బైండింగ్ అయ్యాక ఆ పుస్తకం తెరిచి బల్ల మీద పెడితే, చెయ్యి తీసిన మరుక్షణం టప్పున మూసుకునేది. ఆవిష్కరణ సభలో అధ్యక్షులవారు రెండు చేతులతో పట్టుకొని కవిత చదువుతుంటే, మైకు పట్టుకోవడానికి మరో మనిషి కావలసి వచ్చింది. కవిగారు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధించింది.

మీ 12 ఫొటోలను కథల మధ్య మాప్లిథో మీదే వేయవచ్చు గానీ, పూత లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది కనుక ఫొటోను కట్టే చిన్న సిరా చుక్కలు వ్యాపించి, నల్లటి భాగాలు ముద్దవుతాయి. పాత ఫొటోల్లో అమ్మమ్మగారి పట్టుచీర అంచు, జుట్టు, వెనక తలుపు అన్నీ కలిసి ఒకే మసి అయిపోతాయి. నా సలహా ఏమిటంటే, ఫొటోలన్నిటినీ 8 పేజీల విడి భాగంగా చేసి, 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ మీద వేయించండి. ఆర్ట్ పేపర్‌కు మీ పుస్తకం లోపల తగిన చోటు అదొక్కటే. ఈ భాగాన్ని రెండు ఫారాల నడుమే చేర్చగలరు, అంటే 80వ పేజీ తర్వాత పెట్టవచ్చు, 85వ పేజీ తర్వాత పెట్టలేరు. ఆ ఎనిమిది పేజీలకు నంబర్లు వేయకుండా ఉంటే మిగతా పేజీల లెక్క చెడదు. పూత కాగితాన్ని పర్ఫెక్ట్ బైండింగ్ (కుట్టు లేకుండా వెన్నుకు జిగురు పూసే పద్ధతి) జిగురు గట్టిగా పట్టుకోదు కాబట్టి, ఫారాలను దారంతో కుట్టి, ఆ పైన కవర్ అతికించమని అడగండి. ఖర్చు కొంత పెరుగుతుంది. ఇంట్లో మూడు తరాలు తిప్పే పుస్తకమైతే ఆ ఖర్చు దండగ కాదు.

ఫొటోలను ఫోనుతో ఫొటో తీసి పంపకండి, స్కాన్ చేయించండి. అచ్చులో ఉండబోయే సైజుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 4 అంగుళాల వెడల్పున వేయాలంటే 1200 పిక్సెళ్లు. అసలు ఫొటో 2 అంగుళాలే ఉంటే 600 రిజల్యూషన్‌లో స్కాన్ చేయాలి. 300లో చేసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెంచితే అంకె పెరుగుతుంది గానీ వివరం పెరగదు. నాన్నగారి సంతకం, చేతిరాత వంటి గీతల బొమ్మలను 1200లో, బూడిద ఛాయలు లేకుండా, నలుపు తెలుపు మాత్రమే ఉండేలా స్కాన్ చేస్తే అంచులు పదునుగా వస్తాయి. బంధువులు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు దారిలోనే చిక్కిపోయి వస్తాయి, డాక్యుమెంటుగా పంపమని అడగండి. పాత పత్రికలో అచ్చయిన ఫొటో అయితే అందులో అప్పటికే చుక్కలుంటాయి. వాటి మీద మన చుక్కలు పడితే గళ్ల చీరలా అల్లిక కనిపిస్తుంది. స్కానర్‌లో ఆ చుక్కలు తొలగించే అమరిక వాడాలి, లేదా ఆ ఫొటో వదిలేయాలి.

ఇప్పుడు అక్షరాలు. మీరు యూనికోడ్‌లో టైపు చేశారా, ప్రెస్సుల్లో వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేశారా అన్నది రాయలేదు. వర్డ్ అన్నారు కనుక యూనికోడ్ అనుకుంటున్నాను. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలాచోట్ల 2001లో వచ్చిన పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 నడుస్తోంది, దానికి యూనికోడ్ తెలియదు. వారు మీ ఫైలును అను లోకి మార్చి పేజీలు పెడతారు. ఆ మార్పులో ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో విడిగా ఉండాల్సిన పొల్లు వత్తుగా మారిపోవడం, కొటేషన్ గుర్తులు, అంకెలు మరేవో అక్షరాలైపోవడం నేను రోజూ చూసినవే. కన్వర్ట్ చేసిన తర్వాత పుస్తకం మొత్తం మొదటి నుంచి మళ్లీ ప్రూఫు చదవాల్సిందే. ‘ముందే చదివేశాం కదా’ అన్న మాట చెల్లదు. వీలైతే ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే పేజీలు పెట్టేవారిని వెతకండి. అక్కడ కూడా పేరాగ్రాఫ్ అమరికలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కకు వస్తాయి. మండలి, సూరన్న, రామభద్ర వంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి; వాటిలో మండలి వచనానికి బాగా నప్పుతుంది, రామభద్ర శీర్షికలకే బాగుంటుంది.

అక్షరం ఎన్ని పాయింట్లని నన్ను అడగకండి. అను ఫాంట్ 16లో ఉన్నంత అక్షరం మరో ఫాంట్‌లో 12కే రావచ్చు. రెండు పేజీలు 5.5×8.5 సైజులో ప్రింటు తీసి, ఆ కొలతకే కత్తిరించి, మీ ఇంట్లో పెద్దవారి చేతికిచ్చి చదవమనండి. పంక్తుల మధ్య జాగా మాత్రం ఇంగ్లీషు పుస్తకాల కంటే ఎక్కువ కావాలి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘వైశిష్ట్యం’ వంటి మాటల వత్తులు కిందికి దిగి, కింది పంక్తి గుడులను, తలకట్లను తాకితే చదివేవాడి చూపు అక్కడ తట్టుకుంటుంది. లోపలి మార్జిన్ 20 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి, లేకపోతే పంక్తి చివరి అక్షరాలు వెన్నులోకి జారిపోతాయి.

వర్డ్‌లో శీర్షికల శైలి వాడి ఉంటే ఒక చిన్న ఉచ్చు ఉంది. ఆ శీర్షికలు మామూలుగా నీలం రంగులో వస్తాయి. లోపలి పేజీలు ఒక్క నలుపుతోనే అచ్చవుతాయి కనుక ఆ నీలం బూడిద రంగవుతుంది, బూడిద రంగు అంటే ప్లేటు మీద చుక్కలు. భూతద్దం పెట్టి చూస్తే శీర్షిక అంచులు చీమలు కొరికిన ఆకులా కనిపిస్తాయి. అన్ని అక్షరాలూ నూటికి నూరు నలుపులో ఉన్నాయని ఒకసారి సరిచూసుకోండి.

కవర్ దగ్గర ఇదే నలుపు తిరగబడి కొడుతుంది. తెర మీది రంగులు ఆర్‌జీబీ, వెలుగుతో పుట్టినవి. మిషన్ మీది రంగులు సీఎంవైకే, నాలుగు సిరాలు. మార్చినప్పుడు చిలకపచ్చ, మెరిసే నారింజ, గాఢమైన నీలం మందగిస్తాయి, నీలం ఊదా వైపు కూడా వెళ్తుంది. తెర మీది నల్లటి అక్షరం నాలుగు సిరాల కలగలుపుగా మారుతుంది. షీటు మిషన్‌లో వెంట్రుకవాసి జరిగినా రిజిస్ట్రేషన్ (సిరాలు ఒకదానిపై ఒకటి సరిగ్గా పడడం) తప్పి, సన్నని తలకట్టుకు ఒకవైపు ఎర్ర నీడ, మరోవైపు నీలి నీడ పడుతుంది. దూరం నుంచి చూసినవారు అచ్చు మసకగా ఉందంటారు గానీ కారణం చెప్పలేరు. అందుకని కవర్ మీది చిన్న నల్లక్షరాలన్నీ ఒక్క నల్ల సిరాతోనే, కింది రంగు మీద నేరుగా పడేలా పెట్టించండి. పెద్ద నల్లటి నేపథ్యం ఉంటే మాత్రం ఒక్క నలుపు వెలిసినట్టు ఉంటుంది, దానికి సయాన్ 40, మెజెంటా 30, పసుపు 30, నలుపు 100 కలపడం బాగుంటుంది. అలాంటి నేపథ్యం మీద తెల్లక్షరాలు సన్నగా, చిన్నగా వేయకండి; సిరా చుట్టూ నుంచి కమ్ముకొని సున్నాలు, గుడులు పూడిపోతాయి.

కవర్ అంటే ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట కలిపి ఒకే షీటు. మీ అబ్బాయి ముందు అట్ట ఒక్కటే చేసి ఉంటాడు. వెన్ను ఎంత లావో తెలియకుండా మిగతాది చేయలేడు. 70 మాప్లిథోలో 80 ఆకులు సుమారు 7 మిల్లీమీటర్లు, ఫొటోల భాగం కలిపితే మరికొంచెం. కానీ నా లెక్కను నమ్మొద్దు. కాగితం కొన్నాక అదే కాగితంతో, అన్ని ఆకులూ పెట్టి, ఖాళీ డమ్మీ ఒకటి కట్టించి, నొక్కి పట్టి స్కేలుతో కొలవండి. వెన్ను 7.5 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే కవర్ వెడల్పు 139.7, 7.5, 139.7 కలిపి 286.9 మిల్లీమీటర్లు, ఎత్తు 215.9. దాని చుట్టూ నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే నేపథ్యపు రంగును కటింగ్ గీత దాటి అంత మేర పొడిగించాలి. కాన్వాలో పీడీఎఫ్ ప్రింట్ ఎంచుకున్నప్పుడు బ్లీడ్, ఎక్కడ కోయాలో చూపే క్రాప్ గుర్తులు కలిపే వీలుంది. అయితే బొమ్మను అంచు దాటించి ఉంచకపోతే ఆ గుర్తులు ఉన్నా బ్లీడ్ ఖాళీగానే ఉంటుంది. అక్షరాలు మాత్రం కటింగ్ గీతకు 5 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ గుర్తింపు సంఖ్య తీసుకుంటే బార్‌కోడును తెల్లటి గడి మీద ఒక్క నలుపుతోనే వేయండి.

కవర్ కాగితానికి 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు సరిపోతుంది, గ్రెయిన్ ఇక్కడ కూడా వెన్ను వెంటే ఉండాలి, మడత దగ్గర క్రీజింగ్ (నొక్కిన గాడి) ఉండాలి. లామినేషన్ మ్యాట్ (మెరుపు లేనిది) అయితే హుందాగా ఉంటుంది గానీ ముదురు రంగుల మీద వేలిముద్రలు, గీతలు తేలికగా కనిపిస్తాయి. మీ కవర్ లేతరంగు అన్నారు కనుక మ్యాట్ తీసుకోండి. వానాకాలంలో వేయిస్తే సిరా ఆరడానికి ఒకటి రెండు రోజులు ఎక్కువ ఇవ్వండి. తడి సిరా మీద లామినేషన్ చేస్తే వారం తిరిగేసరికి బుడగలు లేస్తాయి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు ముందు డిసెంబరులో ప్రెస్సులన్నీ ఊపిరాడకుండా ఉంటాయి, మీకు తొందర లేకపోతే ఆ నెల తప్పించండి.

ప్రెస్సుకు ఇవ్వాల్సినవి రెండు పీడీఎఫ్‌లు. లోపలి పేజీలది ఒకటి, విడివిడి పేజీలుగా, ఖాళీ పేజీలతో సహా వరుసలో. రెండేసి పేజీలు పక్కపక్కన పెట్టి ఇవ్వకండి, ఫారంలో అమర్చడం వారి పని. కవర్‌ది రెండోది. ఫాంట్లు లోపలే ఇమిడి ఉండాలి. ఇన్‌డిజైన్‌లో పీడీఎఫ్/ఎక్స్-1ఏ అమరిక ఎంచుకుంటే ఇవి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి. ప్లేటు వేయడానికి ముందు అదే పీడీఎఫ్ నుంచి ప్రింటు తీసిన మొత్తం పుస్తకాన్ని మడతపెట్టి తెప్పించుకొని, పేజీ నంబర్లు, కథల శీర్షికలు, విషయసూచిక ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూసి సంతకం చేయండి. కవర్ ప్రూఫును పగటి వెలుతురులో చూడండి. కవర్ అచ్చయ్యే రోజు మీలో ఒకరు మిషన్ దగ్గర ఉండి, రంగు నచ్చిన షీటు మీద సంతకం పెట్టి ఆపరేటర్‌కు ఇస్తే, మిగతావి ఆయన దానితో పోల్చుకుంటూ వేస్తాడు.

అచ్చు అయ్యాక పేజీల అసలు ఫైలు, ఫాంట్లు, స్కాన్లు, రెండు పీడీఎఫ్‌లు మీ దగ్గరే భద్రం చేసుకోండి. రెండో ముద్రణకు వెళ్తే లోపలి ఫైలు అలాగే వాడవచ్చు, కవర్ మాత్రం వాడకండి. కొత్తగా వచ్చిన కాగితంతో మళ్లీ డమ్మీ కట్టించి, వెన్ను మళ్లీ కొలిచాకే కవర్ ఫైలు ఇవ్వండి.